కొట్టివేత ఒకటి

దేవరకొండల రిజిస్ట్రాఫీసు ముందట
రేకుల కింద నా బల్ల.
ఒక కాలు పొట్టిది, దాని కింద
చెల్లని స్టాంపు కాయిదం నాలుగు మడతలు.
ముప్పై ఎనిమిదేండ్ల సంది
భూములు చేతులు మారుతుంటె రాస్తున్న.

మొన్న ఆదాయం సర్టిఫికెట్టుకు అఫిడవిట్ కావాల్నని
డిండి దిక్కు తండా పిలగాడొచ్చిండు, నేనావత్ వినోద్.
నేను రాస్తుంటె బల్లంచున ఏలుతోని గీకుకుంట అడిగిండు:
"తాతా, కాలేజీల డిబేటు.
దేశానికి ఒక్క రాసిన రాజ్యాంగం ఉండాల్నా, అక్కర్లేదా?
కొన్ని దేశాలల్ల ఒక్క పుస్తకంగ రాసుకోనే లేదట,
అయినా నడుస్తున్నయట.
నాకు అక్కర్లేదన్న దిక్కు పడ్డది."

కలానికి మూత పెట్టిన.

అక్కర్లేదనే చెప్పు బిడ్డా. మా నాయిన సంగతి చెప్పు.
రెండెకరాల చెల్క, సాదా బైనామా మీద కొన్నడు.
"స్టాంపెందుకు ముత్తిలింగం, మాటున్నది గద" అన్నడు బుచ్చిరెడ్డి.
అన్నమాట సచ్చేదాక నిలవెట్టుకున్నడు, అబద్ధమాడొద్దు.
ఇయ్యాల కంప్యూటర్ తెరిస్తె
ఆ చెల్క ఇంకా ఆయన పేరు మీదనే మెరుస్తున్నది.
మాట బతికిచ్చింది, రాత సంపింది.
ఇట్ల చెప్పు, చప్పట్లు పడ్తయ్.

పడ్తయ్ గని...

మా ఊర్ల రాయని రాజ్యాంగం ఒకటుండె.
ఎవ్వరు సదవలె, అందరికి నోటికొచ్చు.
హోటల్ ఎనక గోడకు మేకు,
మేకుకు సొట్టల సత్తుగిలాస, అది మాది.
చాయ తాగాలె, కడగాలె, మల్ల ఆ మేకుకే.
గడి ముందటికెళ్లి పోతే చెప్పులు చంకల.
రాసిందెవ్వరు? ఏ తారీకు? సాక్షులేరి?
చెక్కుబంది ఏది, తూర్పుకేంది, పడమటికేంది?
నేను మా అవ్వ కడుపుల ఉన్ననాడే
నా మీద అమలైంది.

అంత పక్కా దస్తావేజు నా జన్మల రాయలె నేను.
ఒక్క అక్షరం లేదు దాంట్ల.
గందుకే ఒక్క అక్షరం కొట్టెయ్యనీకె రాలె.

రాసిన దాంట్ల తప్పొస్తె గీత గీస్తం,
పక్కకు పొట్టి సంతకం తీసుకుంటం,
అడుగున లెక్క రాస్తం: కొట్టివేతలిన్ని, దిద్దుబాట్లిన్ని.
రాయనిదానికి గీత యాడ గీస్తవ్?
ఏ అంచున సంతకం పెట్టమంటవ్?

పిలగాడు చాలాసేపు మాట్లాడలె.
"మా తండల నసాబ్" అని ఆగిండు.
"మా సిన్నమ్మ తగవుకు కూసున్నోళ్లు పదకొండుగురు మొగోళ్లు.
ఆమె గుడిసెల నుంచి ఇన్నది."
నేనేమనలె. ఎండ బల్ల మీదికి జరిగింది.

నాదొక అనుమానం, ఎవర్నడగాల్నో తెల్వక అట్లనే ఉంది.
ఇన్ని వేల కాయిదాలు రాస్తి,
ఇచ్చెటోడొకడు, పుచ్చుకునెటోడొకడు.
ఆ పెద్ద పుస్తకంల మాత్రం
ఇచ్చింది మనమేనట, పుచ్చుకున్నది మనమేనట.
మరి స్వాధీనం అప్పజెప్పాల్సింది ఎవరు?
రిజిస్ట్రయింది, సరే. కబ్జా?
ఇప్పుడా హోటల్ల అందరికి కాయిదం గిలాసలే,
తాగి పారేసేటియి.
మేకు మాత్రం గోడకు అట్లనే ఉన్నది.
సున్నమేసినప్పుడల్ల దాని మీదికెళ్లి ఏస్తరు.

"ఇంతకు నన్నేం చెప్పమంటవ్?"
నాకేం ఎరుక బిడ్డా. ఈడ సంతకం పెట్టు.

వాడు కాయిదం సదివిండు, పై నుంచి కింది దాక.
ఇక్కడ ఎవరు సదవరు, అందరు పెట్టిపోతరు.
"తాతా, మా నాయిన పేరు శంకర్ కాదు. సక్రు."
నేనే రాసిన. అడగనన్న అడగలె.
చెయ్యికి అలవాటున్న పేరు రాసుకుంట పోయింది.

గీత గీసిన.
పైన సక్రు అని రాసిన, అక్షరం అక్షరం.
పక్కకు వాడు సంతకం పెట్టిండు.
అడుగున ఏసిన:
కొట్టివేత ఒకటి.